మియాగావ్‌లో కొత్త ఎల్డర్

బుధవారం, భోగి

ఇలోయిలో సిటీ శివారు టెర్మినల్లో జీప్నీ ఎక్కేసరికి తొమ్మిదైంది. నా సూట్‌కేసుని టాపు మీద, ఎవరిదో బియ్యం బస్తాకీ గ్యాస్ సిలిండర్‌కీ మధ్య తాడేసి బిగించారు. రాజమండ్రిలో అప్పుడు ఆరున్నర. మా వీధి భోగిమంట ఇంకా ఆరి ఉండదు.

నేనెవరో ముందు చెప్పాలి. లేటర్-డే సెయింట్స్ చర్చి తరఫున ఫిలిప్పీన్స్‌లో మిషనరీగా ఉన్నాను. మోర్మన్లు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఆ మాట వాడొద్దని 2018 నుంచి మా పెద్దలే అంటున్నారు గానీ, పూర్తి పేరు చెబితే అవతలివాళ్ళు బిక్కమొహం వేస్తారు. మగపిల్లలకి రెండేళ్ళు, ఆడపిల్లలకి ఏడాదిన్నర. జీతం ఉండదు. ఎక్కడికి పంపుతారో అడిగే పని లేదు, ఉత్తరం వస్తుంది, వెళ్ళాలి. సొంత పేరు పెట్టెలో పెట్టేసి, ఇంటిపేరు ముందు 'ఎల్డర్' అని రాసిన నల్ల బ్యాడ్జీ చొక్కాకి తగిలించుకోవాలి. ఎప్పుడూ ఇద్దరం కలిసే ఉండాలి, ఒకరికొకరు కనిపించేంత దూరంలో. ఆరు వారాలకోసారి బదిలీల మెసేజ్ వస్తుంది. ఈసారి నా పేరు పక్కన మియాగావ్ అనే ఊరి పేరు వచ్చింది.

కొత్త కంపానియన్, అంటే నాకు జోడీగా ఉండే మిషనరీ, టెర్మినల్‌కి వచ్చాడు. మిండనావ్ దీవిలో కగాయాన్ డి ఓరో వాడు. ఇంట్లో బిసాయా మాట్లాడతాడు, మియాగావ్ వాళ్ళది కినారాయ్-ఆ, ఇలోయిలో సిటీలో హిలిగాయ్‌నాన్. అతనికీ ఇది పరాయి ఊరే అని తెలిసి లోలోపల కాస్త సంతోషించాను.

దారంతా ఎడమ వైపు సముద్రం. ఓటన్, టిగ్బవాన్, గింబాల్ వరసగా వస్తాయి. టిగ్బవాన్‌లో ఆగ్నేయాసియా దేశాలు కలిసి 1973లో పెట్టిన ఆక్వాకల్చర్ పరిశోధన కేంద్రం ఉంది. టైగర్ రొయ్య పిల్లని హేచరీలో పుట్టించే పనిలో పేరున్న చోటు. మా మావయ్యకి భీమవరం దగ్గర చెరువులున్నాయి. టైగర్‌తో మొదలుపెట్టాడు, తెల్లమచ్చ తెగులుతో మునిగాడు, 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మళ్ళీ తేలాడు. ఇటు వచ్చానని తెలిస్తే బైబిలు పక్కన పెట్టి సీడు రేటు కనుక్కోమంటాడు.

మేముండే గది ఒక బట్టల కొట్టు పైన. రెండు మంచాలు, దోమతెరలు, నీళ్ళ డ్రమ్ము, బకెట్టు, మగ్గు. వెస్ట్రన్ బాత్రూములకి అలవాటు పడాల్సి వస్తుందని ఇంటి దగ్గర బెంగపెట్టుకున్నాను గానీ, ఈ దేశం మగ్గుతోనే నడుస్తుంది. మూల పదమూడో నంబరు బూట్ల జత ఉంది. గోడ మీద పెన్నుతో గీసిన మ్యాపు, దాని మీద ఎర్ర చుక్కలు. రెండూ నాకు ముందున్న ఎల్డర్‌వి. అమెరికా వాడు, ఆరడుగుల పైన ఎత్తు, బాస్కెట్‌బాల్ ఆటగాడు.

"అందరికీ వాడంటే ఇష్టం" అన్నాడు కంపానియన్, నా ఎత్తు కళ్ళతోనే కొలుస్తూ.

గురువారం, సంక్రాంతి

ఆరున్నరకి లేవడం, చదువుకోవడం, అన్నం, ఎండు చేప, మళ్ళీ చదువు. పదింటికి వీధిలోకి.

మొదటి సందులోనే పిల్లలు కేక పెట్టారు. "బుంబాయ్! బుంబాయ్!" రెండు ఇళ్ళ తలుపులు మూసుకున్నాయి. కిరాణా కొట్టు కిటికీ చెక్క దిగింది.

ఇలోయిలో సిటీలో ఈ కేక విన్నాను గానీ అక్కడ జనం రద్దీలో పట్టించుకోలేదు. ఫిలిప్పీన్స్‌లో బుంబాయ్ అంటే భారతీయుడు, భారతీయుడంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది వడ్డీ వ్యాపారి. పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ఊరూరూ తిరిగి చిన్న చిన్న అప్పులిస్తారు, ఫ్యాన్లూ దోమతెరలూ వాయిదాల మీద అమ్ముతారు. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి, అందుకే దీన్ని ఫైవ్-సిక్స్ అంటారు. రోజువారీ వసూలు. బ్యాంకు గడప తొక్కనివ్వని బజారు మనుషులకి అదే దిక్కు. మన దగ్గర కాల్ మనీ అంటే ఎంత దడుచుకుంటారో తెలుసు కాబట్టి, తలుపులు మూసినవాళ్ళని నేనేమీ అనుకోలేదు.

మూడో సందులో ఒకావిడ పెరట్లోంచి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, మడిచిన నోటు ఒకటి నా చేతిలో పెట్టింది. యాభై పెసోలు. ఇవాళ్టికి ఇంతే ఉంది, మిగతాది రేపు అంది. కంపానియన్ కంగారుగా బ్యాడ్జీ చూపించి చర్చి పేరు చెప్పాడు. ఆవిడ నోటు వెనక్కి తీసుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"టై కట్టిన బుంబాయ్‌ని నేనెక్కడా చూడలేదు."

తర్వాత నవ్వాపుకోలేక గుమ్మంలోనే కూర్చుండిపోయింది. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది, కాఫీ కలపనా అంది. మేం కాఫీ, టీ తాగం. చక్కెర వేసిన కలమాన్సీ (ఇక్కడి చిన్న నిమ్మ) నీళ్ళు ఇచ్చింది. సువార్త ఒక్క ముక్కా చెప్పకుండానే ఆ ఇంట్లో అరగంట కూర్చున్నాం.

మిగతా రోజంతా ఒకటే ప్రశ్న. ఎత్తు ఎల్డర్ ఏడి? ఎందుకు పంపేశారు? మళ్ళీ వస్తాడా? తెలుసున్న ఇళ్ళలో ఆయన వారసుణ్ణి, తెలియని ఇళ్ళలో అప్పులవాణ్ణి. నా సొంతానికి నేనెవరికీ ఏమీ కాను.

శుక్రవారం, కనుమ

ఊరి చివర, వరి చేలు మొదలయ్యే చోట ఒక తాతగారి ఇల్లుంది. తాతని ఇక్కడ లోలో అంటారు. మ్యాపు మీద ఆ ఇంటి చుక్క పక్కన ప్రశ్నార్థకం ఉంది. కంపానియన్ చెప్పినదాన్ని బట్టి, లోలో మంచివాడు, మా మాట శ్రద్ధగా వింటాడు, భోజనం పెట్టనిదే పంపడు. ఒక్క ఆదివారం కూడా గుడికి రాడు.

ఎందుకో గేటు దాటగానే తెలిసింది. నేల మీద వరసగా త్రికోణపు గుడిసెలు, మోకాలెత్తు. ఒక్కోదాని ముందు ఒక్కో పుంజు, కాలికి తాడు.

కంపానియన్ మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. నా కాళ్ళు కదల్లేదు. మా తాతయ్యది భీమవరం పక్క పల్లె. లూథరన్ చర్చిలో ఆరాధన ముగించుకుని నేరుగా బరి దగ్గరికి పోయే మనిషి. కనుమ రోజు నేను ఆయన భుజమ్మీద కూర్చుని పందేలు చూసినవాణ్ణే. ఎర్రటి డేగ, నల్లటి కాకి, తెల్లటి సేతువ, నెమలి. ఏ రంగు ఏ రోజు ఏ దిక్కు నుంచి గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం ఆయనకి కంఠతా వచ్చు.

లోలో వచ్చి పక్కన నిలబడ్డాడు. వయసులో పెద్దవాళ్ళు కనబడితే వాళ్ళ చేతిని మన నుదుటికి ఆనించుకోవడం ఇక్కడి మర్యాద, అది చేశాను. తర్వాత చివరి పుంజు వైపు చూపించి, దీని ఎడమ కాలి మీద పాత దెబ్బ ఉందా అని అడిగాను. ఆయన కళ్ళు చిట్లించాడు.

"నీకెలా తెలుసు?"

నిలబడ్డ తీరులోనే తెలుస్తుంది. బరువంతా కుడి కాలి మీదే వేస్తోంది.

ఆ తర్వాత గంటసేపు మా ఇద్దరినీ ఎవరూ ఆపలేకపోయారు. ఆయన పుంజులు అమెరికా జాతులు, కెల్సో, స్వెటర్, హాచ్ అని పేర్లు. సన్నగా చురుగ్గా గాల్లోకి లేస్తాయి. మనవి ఆసిల్, బరువైన ఒళ్ళు, నిలబడి కొట్టే రకం. ఇక్కడ ఒకే ఒక పొడవాటి కత్తి, ఎడమ కాలికి. మేపులో మొక్కజొన్న, గింజలు, విటమిన్లు. మా వైపు పందెం పుంజుకి బాదంపప్పు పెడతారంటే నమ్మలేదు. జీడిపప్పు, కీమా కూడా అన్నాను. లోపలికి కేకేసి భార్యని పిలిచి మళ్ళీ చెప్పించాడు. "కోడికి బాదంపప్పట!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది.

చట్టం సంగతీ వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో 1974 నాటి చట్టం ప్రకారం లైసెన్సున్న బరిలో ఆదివారాలు, సెలవు రోజుల్లో పందెం కాయొచ్చు. ఆంధ్రాలో పందేలని పట్టుకునే గేమింగ్ చట్టం కూడా 1974దే. అక్కడ నిషేధం ఉండి మూడు రోజులూ జరుగుతాయి, ఇక్కడ అనుమతి ఉండి ఏడాదంతా జరుగుతాయి. మరి మీ పోలీసులేం చేస్తారని అడిగాడు. పండగ కదా అన్నాను.

మెట్ల మీద కంపానియన్ గడియారం చూసుకుంటున్నాడు. మా చర్చికి జూదం గిట్టదు, అతని ఇబ్బంది న్యాయమైనదే. నాకూ ఈ తాడు కట్టిన పుంజుల్ని చూస్తే చిన్నప్పటి ఉత్సాహం రాలేదు. కత్తి దిగిన కోడిని దగ్గర్నుంచి చూశాక ఎవరికీ రాదు. కానీ మియాగావ్‌లో అడుగుపెట్టాక పొడుగాయన గురించి అడగని మొదటి మనిషి ఈ లోలో. లేవబోతుంటే ఆదివారం రమ్మని కంపానియన్ పిలిచాడు. ఆదివారం బరి ఉంది కదా ఎల్డర్ అన్నాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

శనివారం

పొద్దున గుడి కడిగాం. జీతానికి పనివాళ్ళుండరు, సంఘం వాళ్ళే వంతులేసుకుని ఊడుస్తారు.

సాయంత్రం బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర కుర్రాళ్ళు నన్ను లోపలికి లాగారు. ఈ దేశంలో దాదాపు ప్రతి బరంగాయ్‌లోనూ, అంటే ప్రతి పేటలోనూ, ఒక కోర్టుంటుంది. నా ఆట కాసేపు చూసి స్కోరు రాసే పని అప్పగించారు.

ఆదివారం

కిందటి ఏరియాలో ఆదివారం హాలు నిండేది. ఇక్కడ ముందు మూడు వరసలు, వెనక ఫ్యాన్ కింద కాసిన్ని కుర్చీలు. 2020 జనగణనలో ఫిలిప్పీన్స్ జనాభాలో 78.8 శాతం కాథలిక్కులు. మావాళ్ళు దేశమంతా కలిపి చర్చి లెక్కలో 8 లక్షలకు పైనే. మొదటి మిషనరీలు 1961లో దిగేనాటికి ఇక్కడివాడైన సభ్యుడు ఒక్కడే ఉన్నాడంటే పెరిగినట్టే. రొట్టె, నీళ్ళు (మేం ద్రాక్షారసం వాడం) పంచాక నన్ను లేచి పరిచయం చేసుకోమన్నారు.

ఇండియాలో మన చర్చి ఉందా అని ఒక పెద్దావిడ అడిగింది. ఇది ఎక్కడికెళ్ళినా అడుగుతారు, జవాబు చెప్పడం నాకిష్టం. సమోవాలో ఉండగా చర్చిలో చేరిన ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాద్ వచ్చి ముందుగా సొంత బంధువులకే బోధించారు. మా పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథంలో కొన్ని భాగాలు 1982కల్లా తెలుగులో అచ్చయ్యాయి. దేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది ఢిల్లీలోనో ముంబైలోనో కాదు, హైదరాబాద్‌లో.

మధ్యాహ్నం సంఘం పెద్ద ఇంట్లో భోజనం. గిన్నె మూత తీస్తే ఊదారంగు పులుసు. అందులో కందులు, పచ్చి పనస ముక్కలు, పంది మాంసం. పులుపుకి బట్వాన్ అనే కాయ వేస్తారు. ఇలోయిలో వాళ్ళకి ఇది ప్రాణం. కందిపప్పుతో పెరిగినవాణ్ణి, పనసపొట్టు కూర లేనిదే పెళ్ళి జరగని గోదావరి వాణ్ణి, ఈ రెండూ ఒకే గిన్నెలో ఉడకొచ్చని ఎవరూ చెప్పలేదు. మూడోసారి వడ్డించుకుంటుంటే ఆ ఇంటి అమ్మ కంపానియన్‌తో ఏదో అంది. పొడుగు ఎల్డర్ కందులు ఏరి పక్కన పెట్టేవాడట.

సోమవారం

మాకు వారానికి ఒక రోజు సొంత పనులకి. ప్లాస్టిక్ టబ్బులో బట్టలు ఉతికి ఆరేశాం. చొక్కా కాలరు ఒక్కటే అరగంట తింటుంది.

తర్వాత ఊరి నడిమధ్య ఉన్న కాథలిక్ చర్చి చూడ్డానికెళ్ళాం. 1797లో పూర్తయింది, 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. సముద్రం మీంచి వచ్చే దాడులకి తట్టుకునేలా కోట గోడలంత మందంగా కట్టారు. గంటలు వేలాడే గోపురాలు రెండు, ఒకదాని ఎత్తు ఒకదానికి రాదు. కానీ నన్ను కదలనివ్వనిది ముందు గోడ మీది చెక్కడం. బాల యేసుని భుజానెత్తుకున్న సెయింట్ క్రిస్టఫర్ నది దాటుతూ కొబ్బరి చెట్టుని పట్టుకుని ఉన్నాడు. చుట్టూ బొప్పాయి, జామ. యూరప్ నుంచి వచ్చిన కథలోకి తన పెరటి చెట్లని దింపేసిన ఆ శిల్పి ఎవరో గానీ, దండం పెట్టాలనిపించింది. వేరే చర్చి వాళ్ళం కదా అని కంపానియన్ గుమ్మం దగ్గర కాస్త బిగుసుకున్నాడు. నేను లోపలిదాకా వెళ్ళి వచ్చాను.

ఇంటికి వీడియో కాల్. 2019 నుంచి వారానికోసారి చేసుకోనిస్తున్నారు. అంతకు ముందు మిషనరీలకి క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ మాత్రమే ఇంటి గొంతు వినబడేది.

"ఏరా, చిక్కిపోయావేంటి? పండగ పూట ఏం తిన్నావు?" అంది అమ్మ.

కందుల సంగతి చెప్పాను. పండక్కి మా ఇంటికొచ్చిన తాతయ్య ఫోను లాక్కున్నాడు. లోలో పుంజుల గురించి చెప్పేసరికి అమ్మ నాన్న వైపు చూసింది. పంపించింది దీనికా అన్నట్టు. తాతయ్య మాత్రం ఏ రంగు, ఎంత బరువు, ముక్కు ఎలా ఉంది అని వివరాలు అడిగి, "బాదం రాత్రి నానబెట్టి తొక్క తీసి పెట్టమను" అని కబురు చెప్పాడు.

మంగళ, బుధ

ఎవరూ దొరకలేదు. "ఇంకోసారి రండి ఎల్డర్." వద్దనే మాట ఈ ఊరివాళ్ళ నోట రాదు. ఫిలిప్పీన్స్ యూనివర్సిటీ విసయాస్ క్యాంపస్ ఇక్కడే ఉంది, అద్దె గదుల నిండా విద్యార్థులు. అందరికీ పరీక్షలే. మధ్యాహ్నం సముద్రపు ఒడ్డున కూర్చున్నాం, షూ విప్పకుండా. మిషనరీలు ఈత కొట్టకూడదు.

గురువారం

కిరాణా కొట్టు ముందు మోటారు సైకిల్ ఆగి ఉంది. వెనక ఫ్యాన్లు, దోమతెరల కట్ట. బైకు మనిషి నన్ను చూసి హెల్మెట్ తీశాడు. అసలు బుంబాయ్.

జలంధర్ వైపు వాడు. నా హిందీ బడిలో చదివిన హిందీ, ఆయన హిందీలో సగం పంజాబీ, మధ్యలో ఇద్దరికీ వచ్చిన హిలిగాయ్‌నాన్‌తో సర్దుకున్నాం. కొట్టావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. వారం రోజులుగా తనని చూసి జనం "తమ్ముణ్ణి కూడా దింపావా?" అంటున్నారట. ఎవరా అని ఆయనే వెతుకుతున్నాడు.

"మరి నువ్వేం ఇస్తావు?"

బోధ, ప్రార్థన, ఉచితం అన్నాను.

"ఏం తీసుకుంటావు?"

నేనేమీ తీసుకోను. చర్చిలో చేరినవాళ్ళు సంపాదనలో పదో వంతు ఇస్తారు.

"ఎన్నాళ్ళు?"

జీవితాంతం.

ఆయన కొట్టావిడ వైపు తిరిగాడు. "చూశావా? నాది అరవై రోజుల్లో తీరిపోతుంది."

ఆవిడ పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కంపానియన్‌కి రాలేదు. తర్వాత మాత్రం ఆ పెద్దమనిషి మాకు చేసిన సాయం మా ఫోన్లోని రికార్డులేవీ చేయలేదు. ఏ ఇంటి కుక్క కరుస్తుంది, ఎవరి భర్త ఓడ ఉద్యోగంలో ఉన్నాడు, ఏ ఇంట్లో పగలంతా ముసలమ్మ ఒక్కతే ఉంటుంది, ఎవరు ఎన్నింటికి ఇల్లు చేరతారు. రోజూ ఇంటింటికీ తిరిగే మనిషికి తెలిసినంత ఊరు ఎవరికి తెలుస్తుంది. ఆ సాయంత్రం ఆయన చెప్పిన వేళకే ముసలమ్మ ఇంటికెళ్ళి నీళ్ళు మోసిపెట్టాం. దారిలో పిల్లలు బుంబాయ్ అని అరిస్తే, కొట్టావిడ లోపల్నుంచే సరిదిద్దింది. ఆ బుంబాయ్ కాదు, గుడి బుంబాయ్ అని.

ఆదివారం

జనవరి నాలుగో ఆదివారం ఇలోయిలో సిటీలో దినాగ్యాంగ్, బాల యేసు పండగ. ఒంటికి మసి పూసుకుని, ఈకల కిరీటాలు పెట్టుకుని, డప్పులతో ఆడతారు. ఊరు సగం అటు పోయింది. గుడిలో ఉన్న మూడు వరసలూ రెండయ్యాయి.

పాట అయ్యాక వెనక తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు, లోలో. బరి మధ్యాహ్నం గానీ మొదలు కాదట. చివరి కుర్చీలో కూర్చున్నాడు. కంపానియన్ నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు.

సంఘం పెద్ద ఓర్పు గురించి మాట్లాడుతుండగా బయట మామిడి చెట్టు దగ్గర్నుంచి పుంజు కూసింది. ఆయన ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ కూసింది. ఎవరిదీ అని ఎవరూ అడగలేదు. ముందు వరస వాళ్ళంతా వెనక్కి తిరిగి చూసింది లోలోని కాదు, నన్ను.

రెండో గంటకి తరగతులుంటాయి, ఉండమన్నాం. ఒక గంట చాలు, మొదటిసారికి ఎక్కువైతే అరగదు అన్నాడు. పుంజుని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం

బట్టలు నానబెట్టి ఉన్నాయి. లోలో మనవడు మూత గిన్నె పట్టుకుని మెట్లెక్కాడు. నిన్న తాత పుంజు గెలిచిందట. ఓడిన కోడి గెలిచినవాడిదే, ఇక్కడా అంతే. మా గోదావరి వైపు దాన్ని కోజ అంటారు, దాని మాంసానికి ఉండే గిరాకీయే వేరు. నిమ్మగడ్డి, పచ్చి బొప్పాయి వేసి వండి పంపించింది ఆ ఇంటి నానాయ్, అంటే అమ్మ.

కంపానియన్ గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు. పందెంలో వచ్చిన కోడి మనం తినొచ్చా అన్నాడు. ఇష్టంతో పంపిన కూర వెనక్కి పంపితే వాళ్ళ మనసు నొచ్చుకోదా అన్నాను. రెండూ నిజమే. మా మీద ఉండే సీనియర్ మిషనరీని, జోన్ లీడర్‌ని, అడుగుదామని ఫోన్ తీశాడు. అతను మెసేజ్ టైపు చేస్తుంటే నేను రెండు గ్లాసుల బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.